ప్లాస్టిక్‌కు వయసు తెచ్చే కుంచె

పోయిన ఆగస్టు పదిహేనుకి మా మేనల్లుడి బడిలో వేషాల పోటీ పెట్టారు. అల్లూరి సీతారామరాజు వేషానికి అప్పటికే నలుగురు పేర్లిచ్చేశారు. మావాడికి మిగిలింది ఆయన వెనక నడిచే మన్యం వీరుడి వేషం. తిరునాళ్లలో కొన్న ప్లాస్టిక్ రైఫిలొకటి పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. పచ్చటి ఒళ్లు, ఎర్రటి మీట, మూతికి నారింజ రంగు బిరడా. "మామయ్యా, దీన్ని నిజం తుపాకీలా చెయ్యవా?" అన్నాడు. "ఎవరి తుపాకీలా?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఈ పనిలో రంగు డబ్బా మూత తీసే ముందు తేల్చుకోవలసింది మాత్రం అదొక్కటే.

1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. పట్టుకుపోయినవి తుపాకులు, తూటాలు. అలా చేతికొచ్చిన తుపాకీకి రెండు బతుకులు ఉంటాయి. మొదటిది స్టేషను గోడవార, కానిస్టేబులు నూనెగుడ్డతో తుడిచిన బతుకు. రెండోది వానలో, బురదలో, చొక్కాలేని భుజం మీద వేలాడిన బతుకు. కాబట్టి దాని కర్ర మీద చెయ్యి పట్టే చోట జిడ్డు నలుపు ఉండాలి. మడమకు రాళ్ల దెబ్బలుండాలి. సందుల్లో ఎర్రమట్టి ఉండాలి. తుప్పు మాత్రం పెద్దగా ఉండకూడదు. ప్రాణాలకు తెగించి తెచ్చుకున్న ఆయుధాన్ని ఎవరూ తుప్పు పట్టనివ్వరు.

ఇంత ఆలోచన బొమ్మ తుపాకీకి అవసరమా అనొచ్చు. మన నాటకాలవాళ్లు, సినిమావాళ్లు 'ప్రాపర్టీ' అని పిలిచే వస్తువులన్నిటి వెనకా ఇంత ఆలోచనా ఉంటుంది. కొత్త వస్తువుకు పాతదనం తెచ్చే పనికి సినిమా ఆర్టు విభాగంలో 'ఏజింగ్' అని పేరు. ఇనుములా కనిపించేట్టు రంగు వెయ్యడం వారం రోజుల్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ ఇనుమును ఎవరు వాడారో, ఎలా వాడారో కనిపించేట్టు వెయ్యడానికే ఏళ్లు పడుతుంది.

ఈ విద్యకు ఒక తమాషా చరిత్ర ఉంది. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంలో గ్రహాంతర యోధుల ఆయుధాలు చాలావరకు నిజం తుపాకులే. సెట్ అలంకరణ చూసిన రోజర్ క్రిస్టియన్, లండన్‌లో సినిమాలకు ఆయుధాలు అద్దెకిచ్చే బాప్టీ సంస్థ నుంచి పాత తుపాకులు తెచ్చి, వాటికి అవీ ఇవీ అతికించాడు. తెల్ల కవచాల సైనికులు పట్టుకునేది బ్రిటిష్ స్టెర్లింగ్ తుపాకి. హాన్ సోలో నడుముకు వేలాడేది జర్మన్ మౌజర్ పిస్తోలు, దాని నెత్తిన ఒక దుర్బిణి. వెలుగు కత్తి పిడి అయితే పాత ప్రెస్ కెమెరా ఫ్లాష్ పిడే. ఆ సినిమాకు కళాదర్శకత్వంలో ఆస్కార్ వచ్చింది. అంటే అక్కడ నిజాన్ని బొమ్మగా మార్చారు. ఆ సినిమా చూసి పెరిగిన పిల్లలు తర్వాత బొమ్మను నిజంగా మార్చడం మొదలుపెట్టారు.

వాళ్లకు దొరికిన ముడిసరుకు నెర్ఫ్. 1969లో స్పాంజి బంతితో మొదలైన ఆ బొమ్మల పేరు మీదే తర్వాత స్పాంజి తూటాలు పేల్చే తుపాకులొచ్చాయి. అందులో మావెరిక్ అనే ఆరు తూటాల రివాల్వరంటే వేషధారులకు వల్లమాలిన ఇష్టం. గుండ్రంగా తిరిగే తూటాల గది, లావుపాటి మూతి, ఎక్కడపడితే అక్కడ ఉబ్బెత్తు గీతలు. ఆవిరి యంత్రాల కాలం ఆగకుండా సాగిపోయి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించుకుని ఇత్తడి, తోలు, కర్రలతో వేషాలు కట్టే స్టీమ్‌పంక్ జనం ఉన్నారు. మావెరిక్‌కు ఇత్తడి రంగు వెయ్యడం వాళ్లకు దాదాపు అక్షరాభ్యాసం లాంటిది.

ఇక పని సంగతి. మొదట మరలు విప్పి బొమ్మను ముక్కలుగా తియ్యాలి. తీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోకపోతే స్ప్రింగు ఎగిరి మంచం కిందకి పోయాక ఎక్కడిదో గుర్తుండదు. ముక్కల్ని గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి. అచ్చులోంచి బొమ్మ సులువుగా ఊడిరావడానికి పూసే జిడ్డు పైన మిగిలి ఉంటుంది, దాని మీద రంగు నిలవదు. తర్వాత ఎమరీ పేపరు. రెండు సగాలు అతికిన గీత, కంపెనీ పేరు, ఉబ్బెత్తు అక్షరాలు అన్నీ అరగదీయాలి. చూసేవాడికి 'ఇది ప్లాస్టిక్' అని మొదట చెప్పేసేది రంగు కాదు, ఆ అతుకు గీత. గుంటలు పడితే లప్పం పెట్టి మళ్లీ రుద్దాలి.

నా మొదటి తుపాకీకి ఈ ఓపిక లేక, పాత రంగు వదలగొడదామని గుడ్డకు థిన్నరు ముంచి తుడిచాను. రంగుతో పాటు తుపాకీ కూడా కరగడం మొదలైంది. గొట్టం మీద నా వేలిముద్రలు అలాగే ఉండిపోయాయి.

రుద్దిన తర్వాత ప్రైమరు. ఇది దాటేసి నేరుగా రంగు కొట్టేవాళ్లు చాలామంది. కొండపల్లి వెళ్లి చూడండి. పొణికి కర్రతో బొమ్మ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, మొదట తెల్లగా సుద్ద పూత వేస్తారు. రంగులు ఆ తర్వాతే. మన లప్పం, ప్రైమరు ఆ మక్కు, సుద్దల వరసే. ప్లాస్టిక్‌కు సరిపడే ప్రైమరు డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా, పల్చగా రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది. మీటలాగా, తూటాల గదిలాగా ఒకదాన్నొకటి రాసుకునే భాగాలను అంటీ అంటనట్టు వదిలెయ్యాలి. రంగుకు కూడా మందం ఉంటుంది, అది బిగిసిపోతుంది. కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలపు సాయంత్రాల్లో లక్కర్ స్ప్రే ముట్టుకోకపోవడం మంచిది. గాలిలో తేమ పట్టి పూత పాలిపోయినట్టు తెల్లబారుతుంది.

చాలామంది తప్పటడుగు పడేది ఇనుము దగ్గర. వెండి రంగు డబ్బా తెచ్చి మొత్తం కొట్టేస్తారు. అది మిఠాయి పెట్టె మీది తగరపు కాగితంలా మెరుస్తుంది తప్ప ఇనుము కాదు. ఇనుమంటే నలుపు, ఆ నలుపులో అంచుల దగ్గర మాత్రమే మెరుపు. అందుకే ముందు మెరుపు లేని నల్లరంగు. అది బాగా ఆరాక గరుకు కుంచెను వెండి రంగులో ముంచి, ఆ రంగంతా పాత గుడ్డకు తుడిచేసి, కుంచెలో ఏమీ లేదు అనిపించాక అంచుల మీద తేలిగ్గా విదిలించాలి. దీన్ని పొడి కుంచె పని అంటారు. రంగు అంచులకే అంటుతుంది, గుంటలు నల్లగానే ఉండిపోతాయి. ఇంకా చవక పద్ధతి పెన్సిలు ముల్లు. దాన్ని పొడిచేసి నల్లరంగు మీద వేలితో రుద్దితే వచ్చే నీలి బూడిద మెరుపు ఖరీదైన డబ్బాల్లో కూడా రాదు. నాకైతే పదిహేను నిమిషాల ఈ రుద్దుడే మొత్తం పనిలో ఇష్టమైన భాగం.

కర్రకు ముందు లేత గోధుమ రంగు వేసి, దాని మీద ముదురు గోధుమ రంగును గట్టి వెంట్రుకల కుంచెతో పొడుగ్గా ఈడ్చాలి. వెంట్రుకలు వదిలిన గీతలే కర్ర నారలు. గీతలన్నీ తిన్నగా వస్తే అబద్ధం. ఒకచోట ముడి ఉండాలి, దాని చుట్టూ నారలు వంగాలి.

ఇంతవరకూ చేస్తే కొత్త తుపాకి వస్తుంది. వయసు వచ్చేది ఇక్కణ్నుంచి. నల్లరంగులో గోధుమ రంగు కలిపి, టీనీళ్లంత పల్చన చేసి, మొత్తం పూసి, వెంటనే పైపైన తుడిచెయ్యాలి. సందుల్లోకి జారింది అక్కడే ఉండిపోతుంది, ఏళ్ల మకిలిలా. చిరిగిన స్పాంజి ముక్కను వెండి రంగులో అద్ది అంచుల మీద అంటిస్తే రంగు పెచ్చు లేచినట్టు వస్తుంది. లోతుగా ఊడిన పెచ్చులు కావాలంటే ఉప్పు. తుప్పు రంగు వేసి, ఆరాక నీళ్లు చల్లి, కళ్లుప్పు అక్కడక్కడ అంటించి, దాని మీద పైరంగు కొట్టి, ఆరిన తర్వాత ఉప్పు రాలగొట్టాలి. ఉప్పు ఉన్నచోటల్లా కింది తుప్పు బయటపడుతుంది. ఇత్తడికైతే పచ్చటి చిలుము సందుల్లో కొంచెం. చివరన మెరుపు లేని పారదర్శక పూత ఒకటి. ప్లాస్టిక్ గుట్టు బయటపెట్టేది దాని నిగనిగే.

చేతికి దొరికినచోటల్లా గీతలు పెట్టే అలవాటుంటే మానుకోవాలి. రాపిడికి లెక్క ఉంది. వేలు తగిలే చోట రంగు అరిగి నునుపవుతుంది. నేల తగిలే చోట దెబ్బలు పడతాయి. ఎవరూ ముట్టుకోని చోట దుమ్ము పేరుకుంటుంది. మరో లెక్క దూరం. బడి స్టేజీ మీద ముప్పై అడుగుల అవతలి నుంచి చూసేవాళ్లకు సన్నటి గీతలు కనిపించవు, నలుపు తెలుపుల తేడా మోటుగా ఉండాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక కుటుంబాల వారసుల్ని అడిగితే ఇదే చెబుతారు. కెమెరా దగ్గరికొస్తే ఆ మోటుతనమే కొంప ముంచుతుంది. అందుకే సినిమాల్లో దగ్గర షాట్లకు ఒకటి, పడేసి దొర్లే పోరాటాలకు రబ్బరుతో పోసినది ఇంకొకటి చేయిస్తారు.

పిల్లకాయల సరదా అని దీన్ని తీసిపారెయ్యడానికి లేదు. 1993లో 'ది క్రో' షూటింగ్‌లో బ్రాండన్ లీ చనిపోయాడు. అంతకుముందు గొట్టంలో ఇరుక్కుపోయిన తూటా తల, ఉత్త శబ్దానికి పేల్చిన మందుతో బయటికి దూసుకొచ్చింది. 2021లో 'రస్ట్' సెట్లో నిజం తూటా తగిలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం పోయింది. ఆ వెంటనే 'ది రూకీ' ధారావాహిక వాళ్లు సెట్లోకి నిజం తుపాకి రానివ్వకూడదని నిర్ణయించారు. గాలి తుపాకులు వాడి, మంటను కంప్యూటర్లో కలుపుతామన్నారు. రబ్బరు తుపాకులే వాడతామని డ్వేన్ జాన్సన్ తన సంస్థ తరఫున ప్రకటించాడు. అబద్ధపు తుపాకి ఎంత బాగుంటే సెట్లో నిజం తుపాకి అవసరం అంత తగ్గుతుంది. రంగు వేసేవాడి పనితనం మీద మనుషుల ప్రాణాలు ఆధారపడతాయని అప్పటిదాకా నేనూ అనుకోలేదు.

అదే పనితనం వీధిలోకొస్తే ప్రాణం తీస్తుంది. అమెరికాలో బొమ్మ తుపాకి మూతికి నారింజ గుర్తు ఉండాలని 1988లోనే చట్టం చేశారు. 2014లో క్లీవ్‌లాండ్ పార్కులో పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలోని బొమ్మకు ఆ గుర్తు లేదు. పోలీసులు కాల్చేశారు. బ్రిటన్‌లో 2006 చట్టం ప్రకారం బొమ్మకు రంగు మార్చి నిజంలా కనిపించేట్టు చెయ్యడమే నేరం. సినిమా, నాటకం వంటి వాటికి మినహాయింపుంది. అక్కడ ఉండే మన పిల్లలు హాలోవీన్‌కో, తెలుగు సంఘం నాటకానికో బొమ్మకు రంగు వేసేటప్పుడు వాళ్ల తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ మాత్రం? బొమ్మ తుపాకి చూపించి దోచుకున్నారన్న వార్త మనకూ కొత్త కాదు. నడిరోడ్డు మీద దాన్ని చూసి హడలిపోయేవాడికి కొండపల్లి సుద్ద పూత సంగతి తెలియదు.

అందుకే మావాడి తుపాకీకి అన్నీ చేసి మూతిని నారింజ రంగులోనే వదిలేశాను. వాడు అలిగాడు. వేషం వేసినంతసేపూ దాని మీద నల్లగుడ్డ తొడుగుకోమని, స్టేజీ దిగగానే తీసెయ్యమని ఒప్పందం. బడికి గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లాం. ముందే ఫోన్ చేసి చెప్పాం కూడా.

బహుమతి నలుగురు అల్లూరిల్లో ఒకడికి వచ్చింది. పోటీ అయ్యాక వాళ్ల సోషల్ టీచరమ్మ బల్ల మీదున్న తుపాకీని చూసి, "అయ్యో, ఇంత బరువు పిల్లాడి చేతికిచ్చారేమిటి" అంటూ రెండు చేతులతో బలంగా ఎత్తారు. అది ఆవిడ తల దాకా లేచింది.