కడిగితే మిగిలేది

సంక్రాంతికి బెంగళూరు నుంచి మా ఇంటికి వచ్చిన మేనకోడలు బట్టల సంచితో పాటు ఒక చిన్న అట్టపెట్టె తెచ్చుకుంది. మెత్తటి గుడ్డ విప్పితే లోపల ఒక తల. చిన్నపిల్లాడి పిడికిలంత ఉంటుంది. కళ్ల చోట రెండు ఖాళీలు, కనుబొమలు లేవు, పెదాలకు రంగు లేదు. వారం కిందటిదాకా దానికి ముఖం ఉండేదట. పాతబడిందని తుడిచేసింది, ఇప్పుడు కొత్తది వేయించాలి. "మావయ్యా, ఈసారి పెదాలూ గోళ్లూ ఎప్పటికీ పోని రంగుతో వేయించేయనా? మాటిమాటికీ ఈ అవస్థ ఉండదు కదా" అంది. అదే గదిలో గోడవారగా మెట్లు కట్టి మా ఆవిడ పేర్చిన కొలువుంది. రెండో మెట్టు మీద మా అమ్మమ్మ నాటి కొండపల్లి దశావతారాలు. అందులో పరశురాముడి ముక్కు చివర పెచ్చు ఊడి ఎన్నేళ్లయిందో. ఆ తలనూ ఈ ముక్కునూ ఒకే చూపులో చూశాక, ఆ పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదనిపించింది.

కొండపల్లి సంగతి మనకు కొత్త కాదు. విజయవాడ పక్కన కొండలు, ఆ కొండల్లో పెరిగే తెల్ల పొణికి, దూదిలా తేలికైన ఆ కర్ర. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సుద్ద, ఆపైన రంగు. ఇదంతా తెలిసిందే. అయినా ఒక విషయం మనం అంతగా పట్టించుకోం. పూర్తయిన బొమ్మలో కర్ర ఎక్కడా కనిపించదు. అంబారీ ఏనుగు చెవి నుంచి కల్లుగీత కార్మికుడు ఎక్కే తాడిచెట్టు దాకా కంటికి ఆనేదంతా రంగే. రాముడి నీలం ఎంత పూతో, పక్కనున్న మనిషి ఒంటి చాయ కూడా అంతే పూత. కర్ర ఆకారం వరకే చూసుకుంటుంది. మిగతా ప్రాణమంతా కుంచెది.

మా మేనకోడలు తెచ్చిన తల రెసిన్‌ది. రెసిన్ బొమ్మలో చాయ ముందే ఉంటుంది. క్యోటోలోని వోల్క్స్ కంపెనీ 1999లో సూపర్ డాల్ఫీ పేరుతో తెచ్చిన బొమ్మలతో ఈ వరస ఊపందుకుంది. తర్వాత కొరియా తయారీదారులు దాన్ని చాలా దూరం తీసుకెళ్లారు. పెద్దవైతే సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి కీళ్లు, ఒళ్లంతటినీ లోపలి నుంచి బిగించి పట్టే ఎలాస్టిక్ తాడు. పాలీయురెథేన్ రెసిన్ ద్రవంగా ఉండగానే చాయ కలిపి సిలికాన్ అచ్చుల్లో పోస్తారు. కళ్లు గాజువో యాక్రిలిక్‌వో విడిగా పెడతారు, జుట్టు విగ్గు. ఇక కుంచెకు మిగిలేది కనుబొమలు, రెప్పల వెంట్రుకలు, బుగ్గల మీద కాస్త ఎరుపు, పెదాలు, గోళ్లు. ఈ పనిని ఆ బొమ్మలు పెట్టుకునేవాళ్లు ఫేసప్ అంటారు.

అందుకే తుడవడం అనే మాటకు రెండు చోట్లా ఒకే అర్థం లేదు. కొండపల్లి వామనుణ్ని తడిగుడ్డతో గట్టిగా రుద్దితే వామనుడే పోతాడు. మరకలు పడ్డ సుద్ద, మక్కు అతుకులు, వాటి కింద కర్ర మిగులుతాయి. రెసిన్ తల అలా కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో ఎంత రుద్దినా శిల్పి తీర్చిన ముక్కు, పై పెదవి మీద పల్లం, రెప్పల మడత ఎక్కడివక్కడే ఉంటాయి. రంగులేని తలను అలాగే అల్మరాలో పెట్టుకుని చూసుకునేవాళ్లున్నారు. నాకూ ఆ ఇష్టం అర్థమైంది. సాయంత్రపు వెలుతురు పక్కనుంచి పడినప్పుడు ఆ తల నిద్రపోతున్నట్టుంది.

రంగు ఎలా నిలుస్తుందన్న చోట కూడా రెండు దారులూ వేరు. మేనకోడలు తన పెట్టెలోని సరంజామా అంతా పరిచి చూపించింది. ముందు మెరుపులేని లాకర్ స్ప్రే ఒక పూత. దానికి ముక్కూ నోరూ మూసే రెస్పిరేటర్ తప్పనిసరి. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ పూత తెల్లగా పొంగి ముఖం పాడవుతుందని, వానరోజుల్లో డబ్బా ముట్టుకోనని చెప్పింది. మన కోస్తాలో ఉండేవాళ్లకు ఏడాదిలో ఎన్ని రోజులు మిగులుతాయో! పూత ఆరాక పాస్టెల్ సుద్దను పొడి చేసి మెత్తటి కుంచెతో బుగ్గల మీద అద్దుతారు. మళ్లీ స్ప్రే. సూదిలా చెక్కిన వాటర్‌కలర్ పెన్సిల్‌తో కనుబొమలో ఒక్కో వెంట్రుకా గీస్తారు. మళ్లీ స్ప్రే. అంటే రంగు ఎక్కడా రెసిన్‌ను తాకదు, రెండు పూతల మధ్య పొరలా ఉంటుంది. అడ్డుపూత లేకుండా ఎర్ర రంగు నేరుగా పడిందా, అది లోపలికి దిగి మరకైపోతుంది. ముదురు రంగు బట్టలు ఎక్కువ కాలం తొడిగి ఉంచినా అదే ప్రమాదం. కోరుకోని శాశ్వతత్వం అలా వస్తుంది. అమ్మమ్మ ఏటా బొమ్మలకు పెట్టిన కుంకుమ కూడా రంగు లేచిన చోటల్లా సుద్దలోకి దిగి ఇప్పటికీ అలాగే ఉంది.

కొండపల్లి బొమ్మల కాలనీలో ఒకసారి ఒకావిడ కళ్లు దిద్దుతుంటే అరగంట నిలబడి చూశాను. ముందు వరసగా ఇరవై బొమ్మలు. మేక వెంట్రుకల కుంచె. పై రెప్పకు నల్లటి వంపు ఒక్క లాగుడు, లోపల చుక్క. బొమ్మ ఎత్తి ముఖం తనవైపు తిప్పుకోవడం, గీయడం, దించడం, అంతా ఒకే ఊపిరి. ఒక బొమ్మకు చుక్క కాస్త పక్కకు పోయింది. ఆవిడ తుడవలేదు. ఆరనిచ్చి, మీద తెలుపు పెట్టి, మళ్లీ చుక్క పెట్టింది. రెసిన్ దగ్గరైతే తప్పు తీసేస్తారు, ఇక్కడ తప్పు మీద ఒప్పు వేస్తారు. ఈ చిన్న తేడా నుంచే ఆ రెండు బొమ్మల చరిత్రలు రెండు రకాలుగా నడిచాయని నాకనిపిస్తుంది.

ఇంత తేడా చూసి ఒకటి మనది, ఒకటి జపాన్‌ది కాబట్టి అనుకుంటే పొరపాటు. జపాన్‌లో మార్చి 3న హినమత్సురి నాడు ఆడపిల్లలున్న ఇళ్లలో ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద బొమ్మలు పేరుస్తారు. పై మెట్టున రాజదంపతులు, కింద పరివారం. మన కొలువు చూసి పెరిగిన కంటికి ఆ దృశ్యం ఎంత సొంతంగా అనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. ఆ బొమ్మల తయారీ చూస్తే చుట్టరికం ఇంకా దగ్గరిది. మనకు పొణికి ఎంత తేలికో, వాళ్లకు కిరి కర్ర అంత తేలిక. మనం చింతగింజల పిండితో రంపపు పొట్టు కలిపినట్టే, వాళ్లు కిరి పొట్టును గోధుమ గంజితో కలిపి ముద్ద చేసి తలలు తీర్చేవారు. మనం సుద్ద పూసినట్టే, వాళ్లు ఆల్చిప్పల్ని పొడి చేసి జంతువుల జిగురుతో కలిపి గోఫున్ అనే తెల్లపూత పూస్తారు. ఆ తెలుపు మీద గీసిన కనుబొమ కూడా తుడవడానికి వీల్లేనిదే. తడి తగిలితే ముఖమే కరుగుతుంది. అంటే తుడిచే ముఖం జపాన్ పాత సంప్రదాయమేమీ కాదు. వోల్క్స్ వాళ్లు అంతకుముందు నుంచీ ఉన్నది మోడల్ కిట్ల వ్యాపారంలో. రెసిన్ భాగాలు కొనుక్కుని, అతికించి, రంగు వేసి, నచ్చకపోతే రంగు వలిచేసి మళ్లీ వేసుకునే అలవాటు ఆ లోకానిది. హిన బొమ్మ లాంటి నిశ్చలమైన ముఖం, కిట్టు బొమ్మ లాంటి రంగు స్వేచ్ఛ ఈ ఒక్క తలలో కలిశాయి. శాశ్వతంగా వేయించాలా వద్దా అన్న ప్రశ్న పుట్టడానికి ఆ కలయికే కారణం. కొండపల్లి బొమ్మ కొన్న మా అమ్మమ్మకు ఆ ప్రశ్న తట్టే వీలే లేదు.

కాలం రెండింటినీ వదలదు. రెసిన్ వెలుతురుకు, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలకు, మెల్లగా పసుపు తిరుగుతుంది. ఎంత జాగ్రత్తగా దాచినా కొంత తప్పదు. శాశ్వతమైన రంగుకు అసలు చిక్కు ఇక్కడుంది. ఇవాళ పాలమీగడ చాయకు సరిపడే గులాబీ పెదవి, పదేళ్లకు దంతపు రంగు తిరిగిన ముఖం మీద పరాయిదిలా ఉంటుంది. చర్మం మారుతుంది, పెదవి మారదు. అప్పుడు ఆ పెదవిని తీయాలంటే ఉప్పుకాగితమే దిక్కు. రుద్దితే శిల్పి గీసిన పెదవి అంచు అరుగుతుంది, పైగా పసుపు పొర పోయి కింది కొత్త రెసిన్ తెల్లగా బయటపడుతుంది. ఎసిటోన్ వాడితే రెసిన్ మెత్తబడుతుంది. తుడవగలిగే రంగైతే ఈ గొడవ లేదు, మారిన చర్మానికి తగిన పెదవి మళ్లీ వేసుకోవచ్చు.

కొండపల్లి బొమ్మకు ఈ చిక్కు రాదు. చర్మమూ పెదవీ రెండూ పూతలే, రెండూ కలిసే మాసిపోతాయి, ఆ మాసిపోవడంలో ఒక పొందిక ఉంటుంది. దాని కష్టం వేరు. తేమకు మక్కు కదిలి, సుద్ద పగిలి, రంగు పెచ్చులుగా లేస్తుంది. అప్పుడు మనం చేసేది మరో పూత వేయడమే. పదేళ్ల కిందట మత్స్యావతారాన్ని ఊళ్లో ఒకాయనకిచ్చి బాగుచేయించాం. ఆయన మంచి మనసుతోనే మెరిసే ఎనామిల్ వేసిచ్చాడు. సన్నగా వాలి ఉండే ఆ కళ్లు ఇప్పుడు గుండ్రంగా బెదిరి చూస్తున్నాయి. పాత కళ్లు ఆ ఎనామిల్ కింద ఎక్కడో ఉన్నాయి, కానీ తీసి చూసే దారి లేదు. ఆ బొమ్మ ఎత్తినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మరోవైపు మేనకోడలు తుడిచేసిన పాత ముఖం కూడా ఒక చిత్రకారిణి రోజుల తరబడి కూర్చుని వేసిందే. ఇప్పుడది ఫోన్‌లో నాలుగు ఫొటోలుగా ఉంది. ఒకచోట మనిషి పని పొరల కింద సమాధైంది, ఇంకోచోట దూదిలోకి పోయింది. శాశ్వతం కావాలని అడిగేవాళ్ల వాదంలో నన్ను కదిలించేది ఇదొక్కటే. మాటిమాటికీ వేయించే ఖర్చు గురించి కాదు, ఒక చేతి పనిని కాపాడుకోవాలన్న తపన గురించి.

అయినా కాపాడటానికి శాశ్వతమైన రంగే కావాలా? మ్యూజియంలలో పాత చిత్రాలు బాగుచేసేవాళ్లది ఇంకో దారి. రోమ్‌లో 1939లో ఏర్పడిన కేంద్ర పునరుద్ధరణ సంస్థకు మొదటి సంచాలకుడైన చేజారే బ్రాందీ ఈ విషయం మీద చాలా ఆలోచించాడు. పాతదానికి కొత్తగా ఏం చేర్చినా తర్వాతివాళ్లు హాని లేకుండా తీసేయగలగాలి, దగ్గరికొచ్చి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. అందుకే రాలిపోయిన చోట్లను అక్కడివాళ్లు వాటర్‌కలర్‌తో సన్నటి నిలువు గీతలుగా నింపుతారు. దూరం నుంచి బొమ్మ నిండుగా కనిపిస్తుంది, దగ్గర నుంచి గీతలు కనిపిస్తాయి. పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య ఒక వార్నిష్ పొర. మా మేనకోడలి స్ప్రే పూత చేసే పనీ సరిగ్గా అదే. ఈ ఫేసప్ పనిని ఉత్త సరదా అనుకునేవాళ్లు ఈ పోలికను చూడాలి.

ఇక ఆ పిల్లకు నేను చెప్పింది ఇది. ఒంటి చాయే మార్చాలనుకుంటే సింథటిక్ బట్టలకు వాడే అద్దకం వేడినీళ్లలో కలిపి రెసిన్ భాగాల్ని ముంచే పద్ధతి ఉంది. అది శాశ్వతమే, నాకు అభ్యంతరం లేదు. అక్కడ రంగు పూతలా పైన నిలవదు, రెసిన్ పైపొరలోకే దిగుతుంది. గోళ్ల మీద రంగు బట్టల రాపిడికి అన్నిటికంటే ముందు పోతుంది. చేతులు విడిగా దొరుకుతాయి కాబట్టి ఇంకో జత కొని, వాటి గోళ్లకు గట్టిపడే వార్నిష్ వేయించుకోవచ్చు, నచ్చకపోతే మొదటి జత ఉండనే ఉంది. పెదాల జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను. ముఖభావమంతా పెదాల చివర్లలో, కనుబొమ వాలులో ఉంటుంది. నీ తర్వాత ఈ బొమ్మ ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లకు దాన్ని తమ కళ్లతో చూసుకునే వీలుండాలి. అలాగని కొండపల్లి ముఖాన్నీ తుడిచేలా చేయాలని నేననను. ఆ ఒక్క లాగుడులోని ధైర్యం తుడిచే వీలున్న చేతికి రాదు. దానికి మనం చేసే మరమ్మతు మాత్రం తుడిచే వీలున్నదై ఉండాలి.

ఆ పిల్ల విని, లేచి పరశురాముణ్ని కిందికి దించింది. ముక్కు దగ్గర వేలుతో తడిమి చూసి, "ఉత్త సుద్ద మీద రంగు పెడితే పీల్చేసుకుంటుంది మావయ్యా, ముందు అడ్డుపూత వేయాలి" అంది. నాకు తట్టని మాట అది. పీఠం అడుగున ఒకచోట పరీక్షించుకుని, సన్నటి కుంచెతో మెరుపులేని వార్నిష్ ఒక్క బొట్టు, పెచ్చు ఊడినంత మేరకే పెట్టింది. కనుమ నాడు పొద్దున అది ఆరాక పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. రంగు పులమలేదు, పక్కపక్కన నిలువు గీతలు గీసింది. మెట్ల కింద నుంచి చూస్తే పరశురాముడికి ముక్కుంది. చేతిలోకి తీసుకుంటే పదకొండు గీతలు లెక్కపెట్టొచ్చు.