పాఠం చెప్పేవాళ్లూ తొడిమలు తీసేవాళ్లూ

ఎండేకొద్దీ మిరపకాయ ఎరుపెక్కుతుంది, శ్రమలొచ్చేకొద్దీ విశ్వాసి పరిశుద్ధుడవుతాడు. కల్లంలో తాలుకాయ ఏరి పారేసినట్టు కడవరి దినాన దేవుడు అవిశ్వాసుల్ని ఏరి పారేస్తాడు. తొడిమ తీసిన కాయకే మంచి ధర వచ్చినట్టు, పాపం తీసేసుకున్న బతుకుకే పరలోకంలో విలువ. గుంటూరు, ప్రకాశం జిల్లాల మాల మాదిగ పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకి ఈ రకం పాఠాలు కొత్త కాదు. ఆదివారం ప్రసంగంలో విన్నాం. సండేస్కూల్లో అప్పజెప్పాం. రోజుకో పేజీ చొప్పున చదువుకొనే ధ్యానాల పుస్తకాల్లో చదివాం. మా ఇళ్లలోకి మొదట అడుగుపెట్టిన అచ్చుకాగితం పాఠ్యపుస్తకం కాదు, పత్రిక కాదు, ఇదే.

అయినా దీన్ని ఒక రచనారూపంగా తీసుకుని మాట్లాడినవాళ్లు తక్కువ. తెలుగు విమర్శకి శతకం కావాలి, నీతికథ కావాలి, ప్రబంధం సరేసరి. పల్లె జనం వారం వారం చెవులతో చదువుకున్న ఈ సాహిత్యం మాత్రం 'మతప్రచారం' అన్న ఒక్క మాట కింద పడిపోయింది. మావాళ్లలో కూడా కొందరికి చర్చి అనగానే చిరాకు, ఇంకొందరికి భక్తి. చిరాకుతోనూ భక్తితోనూ విమర్శ సాగదు.

ఈ పాఠానికి ఒక కట్టుబాటుంది. ముందు ఒక చిన్న సంగతి, తర్వాత ఒక వాక్యం, చివర అన్వయం. సంగతి ఎప్పుడూ మన బతుకులోదే. మన బతుకులోంచి పోలికలు తీసుకోవడం మాకు తప్పుగా తోచదు. ఏసు చేసిందీ అదేగదా. విత్తనాలు చల్లేవాడు, పిండిలో పులిసిన ముద్ద కలిపే ఆడమనిషి, పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లూడ్చే ఆడమనిషి, సంతవీధిలో పనికోసం నిలబడ్డ కూలీలు - ఆయన ఉపమానాల నిండా పనిచేసే చేతులే. పాఠానికి తిరపకాయ దొరుకుతోంది, మిరపకాయ ఏరే మనిషి మాత్రం ఎక్కడికి పోతోందన్నదే మా అభ్యంతరం.

తాలు పాఠమే తీసుకుందాం. అందులో దేవుడున్నాడు, మంచికాయ ఉంది, తాలుకాయ ఉంది. కల్లంలో గోనెపట్టా మీద పొద్దస్తమానం వంగి కూర్చుని ఆ తాలు ఏరే మనిషి లేదు. ఆమె ముక్కుకు పైట చుట్టుకుని ఉంటుంది. రాత్రి చేతులు మంటెత్తి నిద్రపట్టదు. ఏరిన కాయకి రైతుకి యార్డులో వచ్చే ధర వేరు, ఆమెకి వచ్చే కూలి వేరు. ఇవేవీ పాఠంలోకి రావు, వస్తే అన్వయం చెడిపోతుంది. తాలు ఏరేది దేవుడు కాదు, చర్చిలో మూడో వరసలో కూర్చున్న మనిషేనని పాఠం ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆమె చేసిన పనిని దేవుడికిచ్చి, ఆమెకు దేవుడి సహనాన్ని ఇస్తారు. లెక్క చూస్తే ఆమెకి నష్టమే.

మొదట్నుంచీ ఇట్లాగే లేదు. ఇది గుర్తుచేసుకోవాల్సిన చరిత్ర. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల పని జాన్ క్లౌ కాలంలో పెరిగింది. నిజానికి పెంచింది క్లౌ ఒక్కడూ కాదు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు, 1866లో క్లౌ ఒంగోలు చేరేనాటికే ఈ కబురుని పల్లె నుంచి పల్లెకి మోసినవాడు. ఆ కాలంలో కొత్తగా చేరినవాళ్లకి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

ఈ మూడింటినీ ఊరి వైపు నుంచి చూడండి. ఆదివారం పనికి రానంటే వెట్టిలో ఏడోవంతు తెగిపోయింది. చచ్చిన గొడ్డుని తిననంటే దాన్ని మోసుకుపోయే చాకిరీకి బదులుగా ఊరు చూపించే 'హక్కు' చెల్లకుండా పోయింది. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు ఎవరు కొట్టాలి? ఊరు ఊరుకోలేదు. చాకలి, కుమ్మరి వీళ్లకి పనిచెయ్యకూడదని కట్టడి చేశారు, పశువుల్ని బీడులోకి రానివ్వలేదు. నియమాలు పెట్టింది తెల్లదొర అనేది నిజమే. అందులో మన తిండిని చిన్నచూపు చూసే చూపు ఉందనేదీ నిజమే, దాన్ని మేము కప్పిపుచ్చం. కానీ వాటిని పాటించి దెబ్బలు తిన్నది పల్లె. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని క్లౌ ఈ జనానికి పని చూపించాడు. కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం చేరారనే మాట రాకూడదని. పని అయ్యాక 1878 జులై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అంటే మొదటి తరానికి విశ్వాస పాఠమంటే రోజుని మార్చేది. వారంలో ఒకరోజు దొరది కాకుండా పోయింది. తర్వాతి తరాల పాఠం రోజుని అట్లాగే ఉంచి దాంట్లోంచి నీతి తీసుకుంటోంది. ఈ మార్పు ఎట్లా జరిగిందనేది వేరే పెద్ద పని. మిషన్ భూములు, జీతాలు, సినడ్ ఎన్నికలు, చర్చిలోనే మాల మాదిగ పంపకాలు, రెడ్డి కమ్మ క్రైస్తవుల వేరు బల్లలు - అన్నీ అందులోకొస్తాయి. ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ద్రాక్షతోట కూలీల ఉపమానం దగ్గరికి వద్దాం. మత్తయి 20వ అధ్యాయం. పొద్దున్నే పనిలో దిగినవాడికీ, సాయంత్రం గంటసేపు చేసినవాడికీ ఒకటే దేనారం. ప్రసంగంలో దీనికి రెండు అన్వయాలు వినిపిస్తాయి. ఒకటి, కృప ఉచితం. రెండు, సణుక్కోవద్దు. కూలీల అడ్డాలో నిలబడిన మనిషికి వేరేది వినిపిస్తుంది. సాయంత్రం దాకా ఎందుకు ఊరికే నిలబడ్డారంటే, మమ్మల్ని ఎవరూ పిలవలేదంటారు వాళ్లు. సోమరులు కాదు, పని దొరకనివాళ్లు. గంటే పనిచేసినా ఇంట్లో పొయ్యి పూర్తిగా వెలగాలి, పిల్లలు పూర్తిగా తినాలి. ఆ దేనారం పనికి కొలత కాదు, కడుపుకి కొలత. ఇంతవరకూ పల్లె చదువు బాగుంది. కానీ అదే కథలో యజమాని నా సొమ్ము నా ఇష్టం అంటాడు. ఈ మాట మనకి బాగా తెలిసిన గొంతులోదే. యజమాని కనిపించిన ప్రతిచోటా ఆయనే దేవుడని గుడ్డిగా అనుకోవాలా? పాఠాలు చెప్పేవాళ్లు ఈ ప్రశ్న అడగరు. మేము అడుగుతున్నాం. కథలో కూలీలు ఒకళ్లమీద ఒకళ్లు సణుక్కునేట్టు చేసింది కూలి ఇచ్చిన వరసే కదా.

రూతు కథ ఇంకా దగ్గరిది. తెలుగు బైబిల్లో ఆమె ఏరుకున్నది 'పరిగె'. కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి మన ఆడవాళ్లు వాడే మాటే అది. అనువాదకులు ఎవరి నోట విని పెట్టారోగానీ, ఆ ఒక్క మాటతో మోయాబు పిల్ల మన గూడెం పిల్ల అయిపోయింది. పాఠంలో మాత్రం రూతు అంటే విధేయురాలైన కోడలు, బోయజు అంటే దయగల ఆసామి. లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉన్నది దయ కాదు. చేను అంచులదాకా కోయకూడదు, రాలింది ఏరుకోకూడదు, అది బీదలకీ పరదేశులకీ వదలాలి అని ఆసామికి పెట్టిన ఆజ్ఞ. ఒకచోట చట్టం, ఇంకోచోట దయ. మన ప్రసంగాల్లో దయ మిగిలింది, చట్టం జారిపోయింది. వరికోత మిషన్లొచ్చాక పరిగే తగ్గిపోయింది, ఇక పాఠానికి ఆధారం కూడా పాతబడింది. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవల (2000) రూతు అనే ముసలామె జ్ఞాపకాల్లోంచే నడుస్తుంది. ఆమె ఏరుకునేది వెన్నులు కాదు, తన జనం కథలు. కాలువ తవ్వకాల కరువు, మిషన్, భూమి తగాదా, అన్నీ ఆమె ఒడిలోకే చేరతాయి. ఆ పేరుకి ఆ నవల ఇచ్చిన అర్థం వంద ధ్యానాల పుస్తకాలు ఇవ్వలేదని మా అభిప్రాయం.

ఇక తుళ్లూరు. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం వచ్చింది. 2015లో భూసమీకరణ నడిచింది. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో 33 వేల ఎకరాల పైచిలుకు భూమి చేతులు మారింది. పట్టా ఉన్న రైతుకి ఎకరానికి ఏటా మెట్టకి 30 వేలు, జరీబుకి 50 వేలు కౌలు, పైన అభివృద్ధి చేసిన ప్లాటు. భూమిలేని పేద కుటుంబానికి అప్పట్లో నెలకి 2,500 పింఛను. అసైన్డ్ భూమి ఉన్న దళితుడికి 2015 ప్యాకేజీలో పట్టా రైతుకంటే తక్కువ ప్లాటు. నేల ఒకటే, కృష్ణ ఒండ్రు ఒకటే, కాగితం వేరు. 1977 చట్టం ప్రకారం అప్పట్లో అసైన్డ్ భూమి అమ్మకం చెల్లేది కాదు. అయినా 'గవర్నమెంటు ఊరికే లాగేసుకుంటుంది, వచ్చినకాడికి అమ్ముకోండి' అన్న భయంలో చాలామంది సంతకాలు పెట్టారు. పత్తి తీత, మిరప కోత ఉన్న చేలు పోయాక కూలీలు పని వెతుక్కుంటూ ఆటోలెక్కి పక్క మండలాలకి పోయారు.

రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు కథ ఉంది. అహాబు రాజుకి తన నగరు పక్కన ఉన్న ద్రాక్షతోట కావాలి. బదులు తోట ఇస్తానంటాడు, లేదా డబ్బిస్తానంటాడు. నాబోతు పిత్రార్జితం ఇవ్వనంటాడు. దొంగ సాక్ష్యాలు పెట్టి రాళ్లతో కొట్టి చంపుతారు. రాజధాని పక్కన కాపురమున్న సంఘాలకి ఇంతకన్నా దైనందిన జీవితపు పాఠం ఏముంటుంది? అయినా మేము విన్నంతలో ఈ కథ వచ్చినప్పుడు నింద ఎక్కువగా యెజెబెలు మీదే, అంటే భార్య మాట వినొద్దనే పాఠం మీదే పడుతుంది. భూమి సంగతి పక్కకి జరుగుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు చెప్పుకోవాలి. నాబోతుకి పిత్రార్జితం ఉంది. పల్లెలో చాలామందికి లేదు. కాబట్టి 'మేమూ నాబోతులమే' అని పట్టా రైతు అన్నంత తేలిగ్గా కూలి మనిషి అనలేదు. నాబోతు తోటలో పనిచేసిన కూలీలు ఏమయ్యారో కథ చెప్పదు. తుళ్లూరు పల్లె నుంచి చదివితే ఆ ఖాళీయే ముందు కనపడుతుంది.

బాధలోంచి ఓర్పు తీసే అలవాటు చర్చి ఒక్కదానిదే అనుకోవడం పొరపాటు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'(1922)లో రామదాసు కొడుకు సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకి చస్తే, తండ్రి వేదాంతంతో దిగమింగుకుంటాడు. ఇంకో కొడుకు వెంకటదాసు దిగమింగలేక తక్కెళ్ల జగ్గడవుతాడు. అగ్రకుల సంస్కర్తకి రామదాసే ఆదర్శం. బైబిలు చేతికిచ్చినా భగవద్గీత చేతికిచ్చినా మాలవాడి దగ్గర ఆశించిన గుణం ఒకటే.

అన్నిటికన్నా గడ్డు పాఠం తహసీల్దారు ఆఫీసులో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చింది, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీకి దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని తీర్పిచ్చింది. తిట్టేవాడు మాత్రం తిట్టేముందు బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగడు. ఇప్పుడు ఒక అమ్మాయి, కాలేజీ సీటు కోసం, 'హిందూ' అని రాసిన కాగితం పట్టుకుని, ఆదివారం ముసుగేసుకుని చర్చిలో కూర్చుంటుంది. ఆరోజు పాఠం నిజాయితీ గురించి. చిల్లర ఎక్కువొస్తే వెనక్కిచ్చిన పిల్లాడి కథ. ఆమె తల వంచుకుంటుంది. ఆమె చేత అబద్ధమాడించిన ఉత్తర్వు గురించి ఆ పాఠానికి ఒక్క ముక్క తెలియదు. పాపం ఉత్తర్వుది, సిగ్గు పిల్లది. ఇట్లాంటి పాఠాన్ని మేము అమాయకమని వదిలెయ్యలేం.

అట్లాగని ఈ బతుకుల్లోంచి వచ్చే విశ్వాసపు మాట అంతా ఇంతే అనడం లేదు. అదే చర్చిలో, అదే కూడికలో, ఇంకో రూపం ఉంది - సాక్ష్యం. ప్రసంగం అయ్యాక ఆడవాళ్లు లేచి నిలబడి చెప్పేది. దానికి అచ్చు లేదు, అన్వయం బలవంతంగా రాదు. మొగుడి తాగుడు, ఆసామి ఎగ్గొట్టిన కూలి, గుంటూరు పెద్దాసుపత్రిలో బిడ్డ పక్కన కూర్చున్న రాత్రి, వడ్డీవాడి మాట, అన్నీ ముందు వస్తాయి, ఆ తర్వాతే దేవుడు. కొన్నిసార్లు దేవుడితో తగువు కూడా వస్తుంది. 'నాకెందుకు పెట్టినావయ్యా' అని అడుగుతారు. పాస్టరుగారు గంట చూసుకుంటారు. పాఠంలో బతుకు ఉదాహరణ. సాక్ష్యంలో బతుకే విషయం.

సమరయ స్త్రీ బావి దగ్గర నీళ్లడిగిన ఏసుని ఎదురు ప్రశ్న వేస్తుంది: నువ్వు నన్ను ఎట్లా అడుగుతున్నావని. కులం మాట ముందెత్తింది ఆమే. 1985 జులైలో కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్లని ఆసాముల పిల్లలు పాడుచేస్తుంటే కత్తి చంద్రయ్య వద్దన్నాడు, కొట్టబోయినప్పుడు బిందె ఎత్తింది మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఊరు మీదపడి ఆరుగురిని చంపింది. ఆ ఊరి నుంచి దళిత మహాసభ పుట్టింది. సమరయ స్త్రీ మీద చెప్పే పాఠాలు ఆమె అయిదుగురు మొగుళ్ల దగ్గరే ఆగిపోతాయి. చెరువుగట్టు మీద బిందె ఎత్తిన మనిషి పేరే సువార్త అయినా, ఆమెని ఒక్క ధ్యానాల పుస్తకంలోనూ మేము చూడలేదు.

విద్యార్థులకీ, సండేస్కూలు నడిపే టీచర్లకీ ఒక పని చెప్పదలిచాం. సాక్ష్యాలు రాసిపెట్టండి. భాష దిద్దొద్దు. పేరు వద్దంటే పేరు వదిలెయ్యండి, కూలి ఎంతో మాత్రం రాయండి. తాలు ఏరడానికి ఆ ఏడు రోజుకెంత ఇచ్చారో, ఆదివారం పనికి పిలిచారా లేదా, పిలిస్తే పోయిందా లేదా, పోకపోతే సోమవారం ఆసామి ఏమన్నాడో.