కదిలిందా? ఎవరు కదిలారు?

పాతబస్తీ లాల్ దర్వాజా గల్లీల్లో గుమ్మం మీద కెమెరా బిగిస్తే సగం బొమ్మ ఎదురింటివాళ్లదే. అలాంటి చోట, పాత కంప్యూటర్లోనే నడిపించుకోగల రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు జోన్‌మైండర్, ఫ్రిగేట్ ఎలా పనిచేస్తాయో చూశాను.

2002లో పుట్టిన జోన్‌మైండర్ మొదటినుంచీ అడిగేది ఒక్కటే: ఏమైనా కదిలిందా? ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ పిక్సెళ్లు మారితే చాలు, ఈవెంట్ కింద రాసేస్తుంది. బోనాల ఆదివారం దానికి పూనకమే. వేపకొమ్మ ఊగినా, తోరణం ఊగినా అరుపే. ఫ్రిగేట్ కదలికను పట్టి అక్కడ ఆగదు, కదిలినది ఏమిటని అడుగుతుంది. దాని ప్రశ్న మేలైనదే, కానీ మామూలుగా దానితో వచ్చే పేర్ల జాబితాలో విమానం ఉంది, జిరాఫీ ఉంది, గాలిపటం కూడా ఉంది. ఆటో లేదు, మేక లేదు. పాతబస్తీకి ఆటో తెలియని కావలివాడు!

అసలు తేడా స్ట్రీముల దగ్గర. కెమెరా ఒకే దృశ్యాన్ని రెండుగా పంపుతుంది. హిక్‌విజన్ కెమెరా స్ట్రీము చిరునామా చివర 101 పెద్దది, 102 చిన్నది. (పాస్‌వర్డులో @ ఉంటే చిరునామాలో %40 అని రాయాలి, ఇది తెలియక కెమెరానే తిట్టేవాళ్లెందరో.) ఫ్రిగేట్‌లో చిన్నదాన్ని గుర్తింపుకు, పెద్దదాన్ని రికార్డింగుకు విడివిడిగా అప్పగిస్తాం. గుర్తింపుకు సెకనుకు 5 ఫ్రేములు చాలు. పెద్దదాన్ని విప్పకుండా వచ్చింది వచ్చినట్టే డిస్కులో పడేస్తుంది. జోన్‌మైండర్ చాలాకాలం ఒకే స్ట్రీముతో రెండు పనులూ చేయించింది. అది పెద్దదైతే, 1920×1080 ఫ్రేము విప్పితే 8 ఎంబీకి పైగా; అలాంటివి 40 దాచుకుంటే ఒక్క కెమెరాకే 330 ఎంబీ మెమరీ. సెట్టింగుల ఫారం నింపడం జోన్‌మైండర్‌లో తేలిక, ఫ్రిగేట్ సెట్టింగుల ఫైల్లో ఒక్క ఖాళీ జరిగినా మొత్తం మొరాయిస్తుంది. అయినా ఇక్కడ నా ఓటు ఫ్రిగేట్‌కే.

డిస్కు లెక్క ఇద్దరికీ ఒకటే: 4 ఎంబీపీఎస్ స్ట్రీము రోజుకు 43 జీబీ. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు 30 రోజుల రికార్డింగు ఉంచాలంటుంది 2013 నాటి ప్రజాభద్రత చట్టం. ఇంటికి ఆ బాధ్యత లేదు.

మరి ఎదురింటి అత్తమ్మ వాకిట్లో ముగ్గేస్తుంటే? ఫ్రిగేట్‌లో మాస్క్ గీసి హాయిగా కూర్చున్నవాళ్లను చూశాను. ఆ మాస్క్ కదలికను లెక్కలోకి రానివ్వదు, అంతే. రికార్డింగులో అత్తమ్మ అలాగే ఉంటుంది. జోన్‌మైండర్‌లో ప్రైవసీ జోన్ అని విడిగా ఉంది, అది నిజంగానే నల్లరంగు పూస్తుంది. ఈ విషయంలో పాతదానికే మర్యాద తెలుసు. కానీ మెషీన్ బరువు తగ్గించడానికి అక్కడ కూడా స్ట్రీమును విప్పకుండా దాచుకుంటే ఆ నలుపు రికార్డింగుకు అంటదు. అందుకే రెండింటినీ పక్కనబెట్టి కెమెరా సొంత సెట్టింగుల్లోకి వెళ్లి, అత్తమ్మ గడప మీద అక్కడే నల్లగడి పెట్టాలి. అప్పుడు 101లోనూ కనబడదు, 102లోనూ కనబడదు.