బతుకమ్మ పాటలో వంత: అచ్చుపాఠానికి అందని సామూహిక గానం

కీలక పదాలు: బతుకమ్మ, వంత, ఊతపదం, ఆశుకల్పన, పాఠసేకరణ.

ఉపోద్ఘాతం:
తెలుగు జానపద గేయ పరిశోధనకు బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) గట్టి పునాది వేసింది. ఆ తరువాత సేకరణ, వర్గీకరణ ఎంతో విస్తరించాయి. అయినా ఆటతో ముడివడిన పాటను చదువుకొనే పాఠంగా మాత్రమే చూసే ధోరణి పూర్తిగా తొలగలేదు. బతుకమ్మ పాటలోని వంతను పరిశీలిస్తే ఈ ధోరణికి గల పరిమితి స్పష్టమవుతుంది.

వంత చేసే పని:
ఎంగిలిపూల నాటి నుండి సద్దుల వరకు స్త్రీలు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ పాడతారు. ఒకరు పాట ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. 'ఉయ్యాలో', 'వలలో', 'చందమామ' వంటి ఊతపదాలు పాదపాదానికీ వస్తాయి. అర్థదృష్టితో చూస్తే ఇవి కథకు అదనంగా చేర్చేదేమీ లేదు. కనుకనే అచ్చులో వీటిని మొదటి పాదాలకు చూపి, తరువాత విడిచిపెట్టడం కొన్నిచోట్ల కనిపిస్తుంది.

ఆటలో మాత్రం వంత లేనిదే పాట నడవదు. అడుగును, చప్పట్టును ఒక లయకు తెచ్చేది అదే. వలయం వంత పాడే వ్యవధిలో ముందు పాడే స్త్రీ తరువాతి పాదాన్ని జ్ఞప్తికి తెచ్చుకుంటుంది. అవసరమైతే అప్పటికప్పుడు కల్పించుకుంటుంది. పాట రానివారు, పిల్లలు వంతతోనే గొంతు కలిపి క్రమంగా పాట నేర్చుకుంటారు. అంటే స్మృతి, ఆశుకల్పన, శిక్షణ మూడూ ఈ 'అర్థరహిత' పదాన్నే ఆశ్రయించుకొని ఉన్నాయి.

రికార్డు పాట - మారిన స్థానం:
ముద్రణ వంతను కాగితంపై కుదిస్తే, రికార్డు పాట దాన్ని ముందే పూరిస్తుంది. ఎత్తుగడ, వంత రెండూ స్పీకరు నుండే వస్తాయి. గొంతు కలిపినా, కలపకపోయినా పాట ఆగదు. అలసినవారి కోసం నెమ్మదించదు, కొత్త పాదానికి చోటివ్వదు. పాట ఎత్తుకొనేవారు లేని నగరాలలో, విదేశాలలో ఆటను నిలిపిన మేలు రికార్డుకు ఉంది. అయితే అక్కడ నిలిచింది ఆటే గాని, పాట కట్టే శక్తి కాదు.

ముగింపు:
కనుక సేకర్తలు పాదాలతో పాటు ఎవరు ఎత్తుకున్నారు, ఎక్కడ అందుకున్నారు, చప్పట్టు ఎక్కడ పడింది అనే వివరాలను కూడా నమోదు చేయాలి. వంతను విడిచిన పాఠంలో కథ మిగులుతుంది. పాడిన సమూహం మిగలదు.