ఘంటసాల గానం: సంప్రదాయం, సామాన్య శ్రోత

ప్రాచీన సంగీతాన్ని నేటి శ్రోతకు అందించారని ఎందరో విద్వాంసులను ప్రశంసించడం మనం వింటూ ఉంటాము. వారు అందించినదేమిటి, అందించే ప్రయత్నంలో వదులుకున్నదేమిటి అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో 1922లో జన్మించి, తెలుగు వారందరికీ సుపరిచితుడైన ఘంటసాల వేంకటేశ్వరరావు గారి గానాన్ని ఈ ప్రశ్న దృష్ట్యా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సంగీత శ్రవణం విషయంలో ఇస్లామీయ విద్వాంసుల మధ్య ఎంతటి అభిప్రాయభేదం ఉన్నదో పాఠకులకు విదితమే. ఆ వివాదంలోకి ఇక్కడ ప్రవేశించబోవడం లేదు. అయితే ఆ చర్చలోనే మనకు ఉపకరించే ఒక కొలమానం ఉన్నది. ఇమామ్ గజాలీ (రహ్మ) తమ ‘ఇహ్యా ఉలూముద్దీన్’ గ్రంథంలో సమాను గురించి ఒక ప్రత్యేక భాగం రచించారు. శ్రవణానికి కాలం, స్థలం, సహచరులు అనే మూడింటినీ చూడాలన్న హజ్రత్ జునైద్ బగ్దాదీ (రహ్మ) అభిప్రాయాన్ని అందులో పేర్కొని వివరించారు. వారు చెప్పినది ఆధ్యాత్మిక శ్రవణాన్ని గురించి. అయినా ఒక సంగీతం పాత చోటు విడిచి కొత్త చోటికి వచ్చినప్పుడు మారేవి సరిగ్గా ఈ మూడే కనుక, కళావిమర్శకు కూడా ఇవి పనికివస్తాయి.

కాలం

ఘంటసాల గారి తండ్రి సూర్యనారాయణ గారు నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ భజన సంప్రదాయం నుండి బయలుదేరిన బాలుడు విజయనగరం చేరి, మధూకరంతో పొట్ట నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద శాస్త్రీయ సంగీతం అభ్యసించాడు. ఆలాపన, కీర్తన, స్వరకల్పన క్రమంగా సాగే కచేరీ పద్ధతి ఆయనకు కరతలామలకమే. కాని ఆయన వృత్తి జీవితం ప్రారంభించిన 1940ల నాటి గ్రామఫోను రికార్డు ఒక ముఖంపై పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. గంటసేపు విస్తరించవలసిన రాగాన్ని మూడు నిమిషాలలో చూపడమెలా? ఆయన ప్రతిభకు ఇది మొదటి పరీక్ష.

ఆయన చూపిన పరిష్కారం పద్యపఠనంలో స్పష్టంగా కనబడుతుంది. కృష్ణా తీరంలో పద్యనాటకానికి పెద్ద పేరు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలను ప్రేక్షకులు రాత్రంతా కూర్చుని చూసేవారు. నటుడు పద్యం ఎత్తుకుంటే హార్మోనియం వెంట రాగం సాగేది. ‘వన్స్ మోర్’ కేకలతో మరల సాగేది. రాగం పెరిగిన కొద్దీ పద్యంలోని మాట చెదరిపోయేది. ఘంటసాల గారు ఈ క్రమాన్ని తలక్రిందులు చేశారు. ముందు మాట, దాని భావానికి తగినంతే రాగం. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’లో గాని, ఆయన సంగీతం సమకూర్చిన ‘లవకుశ’ (1963) పద్యాలలో గాని, రాగచ్ఛాయ చెడదు, అక్షరం నలగదు. పద్యం చివర తీసే కొద్దిపాటి ఆలాపనలోనే రాగస్వరూపం తెలుస్తుంది. చదువు రానివానికి సైతం పద్యం అర్థమయ్యేటట్లు పాడడం సామాన్య విషయం కాదు.

నష్టం లేకపోలేదు. రాగం సంక్షిప్తం కావడానికి అలవాటుపడిన చెవికి విస్తారం భారమవుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో మోహన రాగాన్ని విని పరవశించిన లక్షలాది శ్రోతలలో, అదే మోహనాన్ని ఒక విద్వాంసుడు అరగంట ఆలపిస్తే కూర్చుని వినేవారు ఎందరు? సినిమా పాట కచేరీకి దారి చూపుతుందని ఆశించినవారు ఉన్నారు. చాలామంది విషయంలో ఆ దారి పాట వద్దనే ఆగిపోయింది.

ఘంటసాల గారు ఈ లోపాన్ని ఎరుగనివారు కారు. ఆయన సంగీతం సమకూర్చిన ‘రహస్యం’ (1967) చిత్రంలో మల్లాది రామకృష్ణశాస్త్రి గారు రచించిన గిరిజాకల్యాణ యక్షగానాన్ని రాగమాలికగా, తగినంత వ్యవధితో, సంప్రదాయ ఫక్కీలో నడిపించారు. చిత్రం ఆర్థికంగా విఫలమైనది. ఆ యక్షగానం మాత్రం నిలిచింది. శ్రోత ఓపికను తక్కువగా అంచనా వేయడం అన్ని వేళలా సరికాదని దీనివల్ల తెలుస్తోంది.

స్థలం

ఆలయం, దర్బారు, జమీందారు లోగిలి – పాత సంగీతానికి నెలవులు ఇవి. వీటిలో ప్రవేశం కొందరికే. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైన తరువాత, టూరింగు టాకీసులు పల్లెలకు చేరిన తరువాత, ఈ హద్దులు చాలావరకు చెరిగాయి. పొలం పనివాడు విన్నాడు. బందరు రేవులో బరువులు మోసేవాడు విన్నాడు. సభలకు వెళ్ళే అలవాటు లేని పరదా స్త్రీలు ఇంటిలోనే విన్నారు. దీనిని కేవలం వ్యాపారమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

అయితే కొత్త స్థలం కొత్త చిక్కు తెచ్చింది. తెరపై పాడేది ఒకరు, కనబడేది మరొకరు. గుడివాడ చుట్టుపట్ల గ్రామాలే అయిన నిమ్మకూరు, రామాపురం నుండి వచ్చిన రామారావు, నాగేశ్వరరావు గార్లు ఇద్దరికీ ఆయన గొంతే. శ్రోత పాటను కథానాయకుని ముఖంతో జ్ఞాపకం ఉంచుకున్నాడు. గాయకుని పేరైనా మిగిలింది. వెనుక సితారు, వేణువు, తబలా వాయించినవారి పేర్లు బహుకొద్దిమందికి తెలుసు. కచేరీలో పక్కవాద్యగాని పేరు ప్రకటించడం మర్యాద. ఆ మర్యాద ఇక్కడ లోపించింది.

సహచరులు

మన పాఠకులు ఎక్కువ శ్రద్ధతో గమనించవలసినది ఈ అంశమే. ఘంటసాల గారు కర్ణాటక సంగీతంలో శిక్షణ పొందినా హిందూస్థానీ బాణీని మనసారా ప్రేమించారు. ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ గారంటే ఆయనకు అపారమైన భక్తి. ఉస్తాద్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల గారి ఇంట బసచేసేవారని ఆయన సన్నిహితులు చెప్పారు. ఆ ఉస్తాదే 1960లో ‘మొగలే ఆజం’ చిత్రంలో తాన్‌సేన్ పాత్రకు గొంతు ఇచ్చారు. మరుసటి సంవత్సరం ‘జగదేకవీరుని కథ’లో పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీత దర్శకత్వంలో ఘంటసాల గారు పాడిన ‘శివశంకరీ’ దర్బారీ కానడ రాగంలో ఉన్నది. ఈ రాగానికి రూపమిచ్చినవాడు తాన్‌సేన్ అని సంప్రదాయం చెబుతుంది. దానిని తరతరాలుగా కాపాడినవారిలో ముస్లిం ఘరానాల ఉస్తాదులు ముఖ్యులు. వారి సాధన ఒక తెలుగు పౌరాణిక గాథలో, అమ్మవారి స్తుతిలో, తెలుగువాని గొంతున పలికింది. దీనిని ఎవరూ వింతగా భావించలేదు. అదే దాని గొప్పదనం.

ఈ కలయిక కృష్ణా డెల్టాకు కొత్త కాదు. మొవ్వ క్షేత్రయ్య గోల్కొండ పాదుషా కొలువులో పదాలు చెప్పినట్లు ఆయన పదమే ఒకటి తెలుపుతున్నది. అబుల్ హసన్ తానీషా కూచిపూడి గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడన్న కథనాన్ని అక్కడివారు నేటికీ గౌరవంతో చెప్పుకుంటారు.

ఇక్కడ మరొక విద్వాంసుని పోల్చి చూడడం అవసరం. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ ఘంటసాల గారికి దాదాపు సమవయస్కులు. ఆయన సంక్షేప మార్గం పట్టలేదు. చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ వద్ద నాదస్వరం నేర్చి, అంతటితో తృప్తిపడక నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల వద్ద తంజావూరు బాణీని అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, నింపాదిగా సాగే రాగాలాపనతోనే శ్రోతలను గెలుచుకున్నారు. 1982లో అక్కడ నాదస్వర ఆశ్రమం నెలకొల్పి శిష్యులను తయారుచేశారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో గౌరవించింది. మరుసటి సంవత్సరం ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యదంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీలకు 2020లో పద్మశ్రీ లభించింది.

ఒకరు లక్షలమందికి రాగపు రుచి చూపారు. మరొకరు వందలమందికి రాగాన్ని పూర్తిగా వినిపించి, పదిమందికి నేర్పి వెళ్ళారు. ఘంటసాల గారి తరువాత ఆయనను అనుకరించినవారు అనేకులు. గొంతును అనుకరించారే గాని, విజయనగరంలో ఆయన చేసిన సాధనను అనుకరించినవారు తక్కువ. పద్యం ఎవరు పాడినా ఒకే ధోరణిగా వినిపించడానికి, పాత రంగస్థల బాణీల వైవిధ్యం తగ్గడానికి ఇది ఒక కారణం. ఈ దోషం ఆయనది కాదు. ఆయన ఫలితాన్ని మాత్రమే స్వీకరించి పునాదిని వదలినవారిది. శిష్యపరంపర ఉన్న చోట ఈ ప్రమాదం తక్కువ. ఆ విషయంలో చినమౌలానా సాహెబ్ మార్గమే దృఢమైనదని చెప్పక తప్పదు.

కనుక సంప్రదాయాన్ని నేటివారికి అందించాలనుకునేవారికి రెండు మార్గాలూ అవసరమే. శ్రోతను పిలిచే గొంతు ఒకటి కావాలి. పిలుపు విని వచ్చినవానిని కూర్చోబెట్టి నేర్పే చోటు మరొకటి కావాలి. గుడివాడ, బందరు ప్రాంతాలలో మొదటిదానికి లోటు లేదు. రెండవది పెరగవలసి ఉన్నది.

మన సమాజం విషయం కూడా ఒక మాట. నాదస్వరాన్ని వంశవృత్తిగా నిలుపుకున్న ముస్లిం కుటుంబాలు గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ఉన్నాయి. వీరి గురుపరంపరలను, బాణీలను, జీవన విధానాన్ని వ్రాసి ఉంచే పని మన విద్యావంతులు చేపట్టవలసి ఉన్నది. సంగీతం పట్ల ఎవరి అభిప్రాయం ఏదైనా, చరిత్రను నమోదు చేయడంలో అభిప్రాయభేదానికి తావు లేదు. మనవారి పాత్రను మనమే వ్రాసి ఉంచకపోతే, రేపు దానిని ఇతరులు మరచినప్పుడు వారిని తప్పుపట్టే అధికారం మనకు ఉండదు.