ముందు పీడీఎఫ్, తర్వాతే ఇన్‌స్టాల్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ముందు రోజు నడిచిన కంప్యూటర్ మర్నాడూ నడిచింది కాబట్టి చాలా ఇళ్లలో ఎవరూ గమనించలేదు. కానీ అదే కంప్యూటర్‌లో బ్యాంకు పని చూసుకునే ఇంట్లో భద్రతా అప్‌డేట్లు రాకపోవడం చిన్న విషయం కాదు. పోనీ విండోస్ 11 వేద్దామా అంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ తర్వాతదో కావాలి. ఆ ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంతకుముందు కొన్నవి మన ఇళ్లలో ఎన్ని లేవు! అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్, వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక తండ్రి బల్ల మీదికి చేరుతుంది.

తెనాలిలో మా మావయ్యగారి దగ్గర ఉన్నది సరిగ్గా అదే. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. తెలుగు పండితుడిగా రిటైరైనప్పటి నుంచి ఆయన ఆ చుట్టుపక్కల పద్యనాటకాలు ఆడిన నటుల వివరాలు సేకరించి అందులోనే టైపు చేసుకుంటున్నారు. రిపేరు షాపులో అడిగితే “ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోండి సార్” అన్నారట. ఆ మాట నేను ఒప్పుకోను. ముగిసింది ఒక సాఫ్ట్‌వేర్ గడువు. ఆ ప్రాసెసర్‌కు టైపు చేసుకోవడం, పాటలు వినడం, మెయిల్ చూడడం ఇప్పటికీ ఒక లెక్క కాదు.

ఇలాంటి పెట్టెలు నెమ్మదించడానికి కారణం చాలాసార్లు హార్డ్ డిస్కే. తిరిగే పళ్లెం మీద ముల్లు అటూ ఇటూ జరుగుతూ ఫైళ్లు వెతుక్కోవాలి. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఒకేసారి వందల చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఆ హార్డ్ డిస్కు స్థానంలో ఒక సాటా ఎస్ఎస్‌డీ, పక్క స్లాటులో ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ పెడితే మనిషికి తెలిసేంత తేడా వస్తుంది. సీపీయూ మూత తీసిన చేత్తోనే దుమ్ము దులపాలి, మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చాలి. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే బ్రౌజరు ఏ సైటు తెరిచినా సురక్షితం కాదంటూ ఆపేస్తుంది. ఇంట్లోవాళ్లు వైరస్ అనుకుని భయపడతారు. కొద్ది రూపాయల బ్యాటరీతో పోయే భయం అది.

తీసిన పాత హార్డ్ డిస్కును నేను ఫార్మాట్ చేయను. కొత్త సిస్టమ్ కొత్త డిస్కు మీదే ఎక్కుతుంది. పాతది ఉన్నదున్నట్టు అట్టపెట్టెలో ఉంటుంది. కావాలంటే మళ్లీ తగిలించి పాత విండోస్‌లోకి వెళ్లొచ్చు. “మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు మావయ్యా” అని ధైర్యంగా అనగలిగేది అందువల్లే.

ఏ సిస్టమ్ వేయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. దానికి జవాబు కంప్యూటర్ చెప్పదు, వాడే మనిషి చెప్పాలి.

“దీంట్లో మీరు చేసే పనులన్నీ ఒక్కొక్కటే చెప్పండి మావయ్యా.”

“ఏముంటాయే అమ్మాయ్, టైపు చేసుకుంటాను, ప్రింటు తీస్తాను, పడుకునే ముందు పాత నాటకాల పద్యాలు వింటాను. మీ అత్తయ్య మనవరాలితో వీడియోలో మాట్లాడుతుంది.”

ఇవి విండోస్‌కు బదులు వేసుకోగలిగే లినక్స్‌లో నిక్షేపంగా జరిగే పనులు. దుకాణం లెక్కలకో, డిజిటల్ సంతకానికో విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రాము ఉంటే లినక్స్ మాట ఎత్తేదాన్ని కాదు. విండోస్ 10కే 2026 అక్టోబరు దాకా పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో చేరమని చెప్పేదాన్ని. విండోస్ 11 షరతులను దాటవేసి ఎక్కించే దారులూ ఉన్నాయి. ఇతరుల ఇళ్లలో ఆ పని చేయను. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మావయ్యకు లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం ఎంచాను. మింట్ 22 ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. కింద ఎడమ మూల మెనూ, పక్కనే తెరిచిన కిటికీల వరుస. విండోస్ అలవాటైన చేతికి దారి తప్పదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆయన రాసినదంతా పాత డీటీపీ ఫాంటులో ఉంది. తెలుగు అచ్చు రంగం ఏళ్ల తరబడి అను వంటి ఫాంట్ల మీద నడిచింది. పెళ్లి శుభలేఖల నుంచి కవితా సంపుటాల దాకా వాటితోనే వచ్చాయి. ఆ మేలు మరవకూడదు. అయితే ఆ పద్ధతిలో ఫైలు లోపల తెలుగు ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగి ఉంటాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే బొమ్మలు జారిపోయి గజిబిజి మిగులుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉన్న వరుస తెలుగుకే సొంతం. ‘క’ ఎక్కడున్నా 0సీ15. ఏ సిస్టమ్‌కు మారినా అది ‘క’గానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

అందుకే మూత విప్పే ముందే, పాత విండోస్ నడుస్తుండగానే, ప్రతి ఫైలునూ తెరిచి పీడీఎఫ్ చేశాం. పీడీఎఫ్ తనలోనే ఫాంటును పొదువుకుంటుంది కాబట్టి పేజీ రూపం ఎక్కడైనా అలాగే కనిపిస్తుంది. ఆ తర్వాత మూల ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. కన్వర్టర్లు మంచి పని చేస్తాయి గానీ ఒత్తుల దగ్గర, ఋత్వాల దగ్గర, అరసున్నల దగ్గర తడబడతాయి. గద్యంలో ఒక ఒత్తు పోతే చదివేవాడు సర్దుకుంటాడు, పద్యంలో పోతే గణం తప్పుతుంది. ఒక పక్క పీడీఎఫ్, ఇంకో పక్క మారిన పాఠం పెట్టుకుని పంక్తి పంక్తీ సరిచూడాల్సిందే. ఆ పని నాకంటే మావయ్యే బాగా చేయగలరు. ఆ నటులు ఏ పద్యం ఎక్కడ విరిచి పాడారో ఆయన చెవికి తెలుసు.

ఇన్‌స్టాల్ చేయడం ఇంత పెద్ద పని కాదు. ఐఎస్ఓ ఫైలు దించుకుని, దాని షా256 చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూసి, రూఫస్ అనే ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించాలి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే మింట్ డిస్కును తాకకుండానే నడుస్తుంది. ఈ లైవ్ పద్ధతిలోనే సౌండు, కెమెరా, ప్రింటరు అన్నీ పరీక్షించుకోవాలి. డెస్క్‌టాప్‌లకు తగిలించే వైఫై డాంగుల్స్‌లో కొన్నింటికి డ్రైవర్ వెంటనే దొరకదు. అప్పుడు ఫోను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది. డ్రైవర్ దాంతో దించుకోవచ్చు. అన్నీ కుదిరాక, యూపీఎస్ బ్యాటరీ నిలుస్తుందో లేదో చూసుకుని, ఇన్‌స్టాల్ నొక్కాలి.

చేతివేళ్ల అలవాటును కూడా దాటించాలి, దాన్ని చాలామంది మరిచిపోతారు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనే భాగాలు వేసుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన కీబోర్డు అమరికలన్నీ వస్తాయి. మావయ్య చేయి యాపిల్‌ది. ఒకటి రెండు గుర్తుల దగ్గర ఆగారు తప్ప మొదటి సాయంత్రమే పేరా కొట్టేశారు. ఫాంట్ల కొరత కూడా లేదు. సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మండలి, సూరన్న, ధూర్జటి పెట్టాను. ఆయన సూరన్న ఉంచుకున్నారు.

ఇప్పుడు ఒక నటుడి పేరు కొడితే ఆ పేరు ఏయే ఫైళ్లలో వచ్చిందో అన్నీ వరసగా కనబడుతున్నాయి. పాత ఫాంటులో ఇది కుదిరేది కాదు. ఒకే మనిషి గురించి వేర్వేరు ఊళ్లవాళ్లు చెప్పిన సంగతులు పక్కపక్కన చేరేసరికి రెండు చోట్ల తేదీలు పొసగడం లేదని ఆయన కనిపెట్టారు. ఎవరిని అడగాలో ఆయనకు తెలుసు, ఫోన్లు మొదలయ్యాయి.

పాత డీటీపీ ఫాంట్లలో రాసుకున్న కథలు, వంశవృక్షాలు, ఊరి చరిత్రలు ఉన్నవాళ్లు ఈ వారమే ఆ కంప్యూటర్ ఆన్ చేయండి. ఏ సిస్టమ్ వేయాలో తర్వాత ఆలోచించుకోవచ్చు. ఫాంటు ఇంకా పనిచేస్తున్న ఆ ఒక్క యంత్రంలో ముందు పీడీఎఫ్‌లు తీసి, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి, ఒకటి పిల్లల ఇంట్లో ఉంచండి.