ఊడివచ్చు మెత్తలు

మా ఆత్మకూర్ (ఎస్) ప్రాంతమున క్రొత్త యిల్లు కట్టుకొన్నవారు గృహప్రవేశపు మామిడాకులు వాడకమునుపే హాలులో సోఫా వేయింపవలెనని తలంచుట ఇప్పుడు సర్వసాధారణమైనది. సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో పోయి దుకాణములు చూచి వచ్చెదరు, లేదా తెలిసిన వడ్రంగిని పిలిపించి, ఎన్నాళ్ళుగానో దాచుకొన్న టేకుచెక్క అతని ముందర పెట్టెదరు. రంగును గూర్చియు, చేతుల మీది నగిషీని గూర్చియు ఇంటిల్లిపాదియు గంటలకొలది వాదింతురు గాని, ఆ ఆసనము మీది మెత్తలు చట్రమునకు అంటుకొని విడదీయరానివై యుండవలెనా, లేక కావలసినపుడు చేతితో ఎత్తి ప్రక్కన పెట్టుకొనుటకు వీలుగా విడిగా ఉండవలెనా అను ప్రశ్న మాత్రము ఎవరి నోటను రాదు. ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూర్చుండబోవు చోటును గూర్చి అడుగదగిన మొదటి ప్రశ్న అదియేయని నా దృఢమైన అభిప్రాయము. దానికి నా సమాధానమును ఇక్కడనే చెప్పివేసెదను: కూర్చుండు మెత్త విడిగా ఉండవలెను, వీపు మెత్త కుట్టుబడి యున్నను బాధ లేదు.

మన పెద్దల ఇండ్లలో మెత్తనిదంతయు విడిగానే ఉండెడిది. నులకమంచము మీద బొంత, అరుగు మీద జంపకాన, పెద్దమనుష్యులు వచ్చినపుడు వీపునకు బాలీసు, తలక్రిందికి మెత్త: వీనిలో ఏదియు చెక్కకు మేకులతో బిగింపబడినది కాదు. తెల్లవారగనే పక్కలు చుట్టి మూలపెట్టుట, పండుగకు ముందు గలేబులు విప్పి ఉతుకుట, రోహిణీకార్తె యెండలో పరుపులను మంచములపై పరచి సాయంకాలము వరకు అటునిటు తిరుగవేయుచుండుట, మృగశిర చినుకు పడకమునుపే వానిని లోపలికి చేర్చుట, ఇవన్నియు ఇంటిపనిలో భాగములే. ఏండ్లు గడచి దూది గడ్డకట్టినపుడు దూదేకులవారు వచ్చెడివారు. పరుపు కుట్టు విప్పి, ఉండలు కట్టిన దూదిని వాకిట కుప్పవోసి, ఆ పనివాడు పొడవైన వింటి నారిని దూదిలోనికి దించి కొయ్యగూటముతో కొట్టగా, నారి కంపించినపుడెల్ల దూది పోగుపోగుగా విడి, గాలిలో లేచి, ప్రక్కన తెల్లని రాశియై పడుచుండెడిది. ఇసుకయు, గింజపెంకులును, ఏనాటిదో పాతదుమ్మును నేలకు రాలెడివి. అదే దూది, అదే గుడ్డ, క్రొత్త కుట్టు. పరుపునకు మరల యౌవనము వచ్చెడిది. ఒక కులమునకు తరతరములు అన్నము పెట్టిన ఆ వృత్తి, పరుపును విప్పవచ్చుననెడి ఒక్క సౌలభ్యము మీదనే నిలిచియుండెనని తలచినపుడు, ఆ సౌలభ్యమును మనము ఎంత తేలికగా వదలుకొంటిమో తెలియుచున్నది.

ఐరోపాలోను పూర్వపు పద్ధతి ఇట్టిదే. కొయ్యబల్లల మీద విడి మెత్తలు వేసికొని కూర్చుండెడి ఆ దేశములలో, కుర్చీ చట్రమునకే మెత్తను బిగించి గుడ్డ కప్పెడి పని పదునేడవ శతాబ్దమున గాని బాగుగ వ్యాపింపలేదు. వ్యాపించిన తరువాతను, ఖరీదైన పట్టుగుడ్డ మాసిపోవునను భయముచేత సంపన్నులు దానిపై ఉతుకదగిన తొడుగులు వేసి ఉంచెడివారు. మన యిండ్లలో మార్పు తెచ్చినది స్పాంజి. రబ్బరుపాలను నురుగుగా గిలకొట్టి గట్టిపరచు విధానము 1929లో డన్‌లప్ సంస్థవారికి పట్టుబడినది. 1937లో జర్మనీ దేశపు రసాయనజ్ఞుడు ఓటో బేయర్ పాలీయూరిథేనును కనుగొనగా, 1950ల దశకమున దానినుండి మెత్తని నురుగు దిమ్మలు తయారగుట మొదలయ్యెను. ఈనాటి సోఫాలలో ఉన్నది ప్రాయికముగా ఈ రెండవదే. ఏకనక్కరలేదు, గడ్డకట్టదు, కోరిన కొలతకు కత్తితో కోయవచ్చును, జిగురుతో చెక్కకు అంటింపవచ్చును, పైన రెక్సిను లాగిపట్టి గన్నుతో పిన్నులు కొట్టినచో పూటలో పని ముగియును. చౌకయు వేగమును అంటించిన మెత్తను మన హాలులోనికి తెచ్చినవి గాని, కూర్చుండువాని సుఖము కాదు.

సూర్యాపేటలో రహదారి ప్రక్కన, లారీ సీట్లును, కారు సీట్లును, సోఫాలును కుట్టెడి ఒక దుకాణము ముంగిట అట్టి సోఫాను విప్పుచుండగా నేను నిలువబడి చూచితిని. పైకి అది చెక్కుచెదరలేదు. రెక్సిను నిగనిగలాడుచునే యున్నది. కూర్చున్న యెడల మాత్రము నడుము పల్లమునకు జారుచున్నదట. పనివాడు దానిని బోర్లవేసి, అడుగున కప్పిన పలుచని నల్లగుడ్డను చింపి, స్క్రూడ్రైవరు మొనతో పిన్నునొక్కొక్కటిగా లేపి పట్టకారుతో లాగుచుండెను. కొన్ని విరిగి వాని మొనలు చెక్కలోనే మిగిలిపోయినవి. రెక్సినును వెనుకకు మడవగా లోపలి స్పాంజి అంచులలో పసుపువారి, నడుమ చేయి తాకిన మాత్రమున పొడిపొడియై రాలెను. జిగురు పట్టిన అడుగుపొర ప్లైవుడ్డును వదలక, ఉలితో గీకవలసి వచ్చెను. “పైనుంచి చూస్తే ఏం తెలుస్తది సార్, లోపల స్పాంజి మొత్తం పొడైంది. విడి మెత్తయితే జిప్పు తీసి చూసుకుంటుండ్రి, స్పాంజి ఒక్కటి మారుస్తే అయిపోతుండె. ఇప్పుడు రెక్సిన్ గూడ కొత్తది కొనాలె,” అని అతడు తలయెత్తకయే చెప్పెను. ఆ రెక్సినులో నడుమ ఒక్క చిరుగైనను లేదు. పిన్నుల రంధ్రములతో అంచులు చీలిపోయినందున, నిక్షేపము వంటి గుడ్డ మరల బిగింపునకు పనికిరాక, దుకాణము మూల చేరినది.

మా వైపు ఇంటిలోనికి వచ్చు ధూళి సామాన్యమైనది కాదు. పత్తి ఏరుకాలమున దూదినలుసులు, వరికోతల యంత్రము తిరుగునపుడు పొట్టు, మిర్యాలగూడ బియ్యపుమిల్లుల చెంత ఊకబూడిద, అరువదియైదవ జాతీయరహదారి ప్రక్కనున్నవారికి రేయింబవళ్ళు వాహనముల దుమ్ము. ఇదంతయు అంటించిన సోఫాలో వీపును పీటయు కలియు ఇరుకు మడతలోనికి చేరి, చీపురునకును చేతివ్రేలికిని అందక అక్కడనే నిలువయుండును. ధూళితోబాటు కంటికి కానరాని సూక్ష్మపురుగులు పెరుగును. మన చర్మము నుండి రాలిన పొరలే వానికి ఆహారము. వానకాలపు తేమలో అవి వృద్ధిపొందును. ఉబ్బసము గలవారికి, తెల్లవారుజామున తుమ్ములతో లేచు పిల్లలకు వానివలని బాధ ఎట్టిదో వైద్యులు చెప్పుచునే యున్నారు. 60 డిగ్రీల వేడి గల నీటిలో ఉతికినచో అవి నశించును. ఉతుకవలెనన్న తొడుగు ఊడిరావలెను గదా!

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు, ఏలయనగా మన మంచి అలవాటే ఇక్కడ చెరుపు చేయుచున్నది. పత్తిదూది పరుపును, బూరుగుదూది మెత్తను ఎండలో వేసినట్లే పలువురు స్పాంజి దిమ్మను సైతము డాబా మీద ఎండబెట్టుచున్నారు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు పాలీయూరిథేను నురుగును పసుపుచేసి, దాని బిగువును చెరచి, తుదకు పొడిచేయును. తొడుగు ఎండకు, దిమ్మ నీడకు: స్పాంజిని గాలి పారు వరండాలో ఒక పూట నిలువుగా ఆనించి ఉంచిన చాలును, తేమ పోవును, వాసన తీరును.

అంటించిన మెత్తకు న్యాయము చేయకుండుట తగదు. మోకాళ్ళనొప్పులు గల పెద్దవారు లేవబోవునపుడు ముందరి అంచునకు జరిగి, చేతులు ఆనించి, బలము తీసికొందురు. విడి మెత్త ఆ క్షణమున వారితోబాటు ముందుకు జారినచో పడిపోవు ప్రమాదము కలదు. ఇది చిన్నసంగతి కాదు. ఇంటిలో అవ్వయో తాతయో ఉన్నపుడు మొదట ఆలోచింపవలసినది ఇదియే. ఆర్టీసీ బస్సులో, ఆసుపత్రి వరండాలో, నలుగురు వచ్చిపోవు కచేరీలో అంటించిన మెత్తయే యుక్తము. అచ్చట దానిని ఎత్తి దులుపు గృహిణి లేదు, ఎత్తుకొనిపోవువారు మాత్రము ఉందురు. కాని ఇంటిలో జారుడునకు మందు వడ్రంగి చేతనే యున్నది. మెత్త కూర్చుండు పలకను వెనుకకు కొద్దిగా వాలునట్లు దించి, ముందరి పట్టెను పలకకంటె అంగుళము ఎత్తుగా నిలిపినచో మెత్త ఆ గాడిలో ఒదిగి కూర్చుండును. అదియు చాలదనిపించినచో, స్విట్జర్లాండు ఇంజనీరు జార్జి ద మెస్త్రాల్ కల్పించగా 1950లలో వాడుకలోనికి వచ్చిన వెల్క్రో పట్టీలు రెండు అడుగున కుట్టించిన చాలును. లాగిన ఊడును, కూర్చున్న కదలదు. వీపు మెత్త మీద బరువు తక్కువ, అరుగుదల తక్కువ. అది కుట్టుబడి యున్నచో సోఫాకు ఆకారము నిలుచును. రెంటిని ఒక్క తీరుగ చేయింపవలెనను పట్టుదలయే ఈ విషయమున అనర్థకమని నా నమ్మకము.

విడి మెత్త కుట్టుటలో నైపుణ్యమంతయు కనబడని తావులలో ఉన్నది. స్పాంజి దిమ్మను తొడుగు కొలతకంటె అర అంగుళము పెద్దదిగా కోసి, అదిమి దూర్చవలెను. సమముగా కోసినచో కొలది నెలలకే గుడ్డ వదులై ముడుతలు పడును. ఘనమీటరునకు 32 కిలోలకు తక్కువ సాంద్రత గల స్పాంజి పీటకు ఆగదు. 40 అయిన మరింత మేలు. దుకాణదారుడు వ్రేళ్ళతో నొక్కి చూపు మెత్తదనమును చూచి మోసపోరాదు. మెత్తదనము వేరు, సాంద్రత వేరు. స్పాంజికిని పైతొడుగునకును నడుమ పలుచని నూలుగుడ్డ సంచి ఒకటి ఉన్నయెడల, తొడుగు తీయునపుడు స్పాంజి అంచులు చిరగవు. జిప్పు వెనుకవైపు మాత్రమే కాక రెండు మూలలు చుట్టి ప్రక్కలకు కూడ కొంత రావలెను. దర్జీలు దీనిని తరచుగా తగ్గించి కుట్టుదురు, ఆ తగ్గింపు వలన తొడుగు తీయుట పెనుగులాటయై, తుదకు ఎవరును తీయరు. పైభాగమునకును అడుగునకును ఒకే గుడ్డ వేయించినచో మెత్తను అప్పుడప్పుడు బోర్లవేసికొనవచ్చును. టీవీ యెదుట ఇంటి యజమాని కూర్చుండు మూలమెత్తను నడుమకు, నడుమదానిని మూలకు మార్చుచుండినచో మూడును సమముగా అరుగును. అంటించిన సోఫాలో ఆ మూల ఒక్కటియే గుంటపడి, మిగిలినదంతయు క్రొత్తగనే యుండి వృథాయగును.

గుడ్డ విషయమున మనము దూరము పోనక్కరలేదు. మన పాత నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. నూలును నేయకముందే చిటికి కట్టి రంగులలో ముంచుటచేత ఆ నేతలో బొమ్మ రెండువైపుల సమానముగ తేలును. సోఫా తొడుగునకు ఇంతకంటె అనుకూలమైన గుణము మరియొకటి లేదు: కిటికీ యెండకు ఒకవైపు వెలిసినపుడు కుట్టు విప్పి, గుడ్డను త్రిప్పి, లోపలి ముఖము పైకి వచ్చునట్లు మరల కుట్టింపవచ్చును. చీరెలకు నేసిన పలుచని గుడ్డ కాక, పరుపు దుప్పట్లకు నేసెడి బరువైన నూలు గుడ్డను అడుగవలెను. నూలు ముడుచుకొనును గనుక కత్తిరించుటకు ముందే ఒకసారి నీటిలో నానబెట్టి ఆరవేయవలెను. కొలత చెప్పునపుడు రెండు జతల తొడుగులకు సరిపడ తీసికొని, పైగా ఒక మీటరు దాచియుంచుకొనుట మంచిది. చేతితో వేసిన రంగు తడవ తడవకు ఛాయ మారును గనుక, అదే యెరుపు మరుసటి యేడు అదే మగ్గము నుండియైనను దొరకదు.